కూత పట్టుకుంటే పిట్ట చిక్కినట్టే

మీ ఇంట్లోనో, దగ్గరి బంధువుల్లోనో చూపు బాగా తగ్గిన పెద్దవారు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఒక రోజంతా వారికి పొద్దు ఎలా గడుస్తోందో గమనించి చూడండి. చాలా ఇళ్లలో కనిపించేది ఇదే. మంచం, కుర్చీ, టీవీ మాటలు, భోజనం, మళ్లీ మంచం. గ్లకోమాతోనో, మధుమేహం మూలంగా రెటీనా దెబ్బతినో చూపు పోయిన మనిషిని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే కూర్చోబెడతారు. 'ఇప్పుడు బయటికెందుకు నాన్నగారూ, ఎక్కడైనా పడిపోతారు' అంటారు. ఆ భయం అబద్ధమేం కాదు. అయితే అలా కూర్చున్న మనిషి మెల్లమెల్లగా మాట తగ్గిస్తారు. ఆ తర్వాత గది దాటటం తగ్గిస్తారు. చూపు కోల్పోయినవారిలో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. కనిపించకపోవటం ఒక బాధ అయితే, చేయటానికి ఏమీ మిగలకపోవటం ఇంకో బాధ. ఈ రెండోదాన్ని తగ్గించటం చాలావరకు మన చేతుల్లో ఉంది.

అందుకు పనికొచ్చే ఒక సరదా గురించి ఈ వారం చెప్పుకొందాం. పైసా ఖర్చు లేదు. పదేళ్ల పిల్లలకైనా, ఎనభై ఏళ్ల పెద్దలకైనా నప్పుతుంది. బాల్కనీలో కుర్చీ వేసుకుని మొదలుపెట్టొచ్చు. అదే పిట్టలను చెవులతో పట్టుకోవటం.

'బర్డ్‌వాచింగ్ అంటే చూడటం కదా, చూపు లేనివారు ఎలా చేస్తారు?' అని మీకు అనుమానం రావొచ్చు. ఆ పేరులోనే చిక్కుంది. పక్షులను శ్రద్ధగా గమనించేవారిని ఎవరినైనా అడగండి, ముందు చెవికి దొరుకుతుంది, తర్వాతే కంటికి అంటారు. మామిడి చెట్టులో కోకిల కూస్తుంటే మనలో ఎంతమందికి కనపడింది? దట్టమైన అడవుల్లో పక్షులను లెక్కపెట్టే పరిశోధకులు ఒకచోట నిలబడి కొన్ని నిమిషాలు వింటారు. వారి పుస్తకంలోకి ఎక్కేవాటిలో చాలావరకు కూతను బట్టి గుర్తించినవే. దక్షిణ అమెరికా అడవుల్లో పనిచేసిన టెడ్ పార్కర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాదాపు 4,000 జాతుల పక్షులను గొంతు విని చెప్పగలిగేవాడని పేరు. 1993లో విమాన ప్రమాదంలో చనిపోయిన ఆయన గురించి పక్షిశాస్త్రంలో ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకొంటారు. ఆయనకు చూపుంది. అయినా నమ్ముకున్నది చెవులనే. కాబట్టి చూపు లేనివారు చేసేది సగం పని అనుకోనక్కర్లేదు.

మంత్రిగారి అడవి నడక

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1905 నుంచి 1916 వరకు బ్రిటన్ విదేశాంగ మంత్రిగా ఉన్న ఎడ్వర్డ్ గ్రేకు పక్షులంటే ప్రాణం. 1910 జూన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఇంగ్లండ్ వచ్చినప్పుడు ఇద్దరూ అధికారులను, విలేకరులను వదిలించుకుని ఓ రోజు న్యూ ఫారెస్ట్ అనే అడవిలో నడిచారు. రూజ్‌వెల్ట్‌కు చిన్నప్పటి నుంచీ చూపు సమస్యే. కళ్లద్దాలు వచ్చేదాకా ఆయన పిట్టలను ఎక్కువగా విని గుర్తుపట్టినవాడే. పెద్దయ్యాక బాక్సింగ్‌లో దెబ్బ తగిలి ఎడమ కన్ను కూడా పోయింది. ఆ రోజు వారికి 40 దాకా రకాల పక్షులు తారసపడ్డాయి. వాటిలో సగానికిపైగా పాడుతూ వినిపించాయి. ఏ పాట ఏ పిట్టదో గ్రే చెబుతుంటే రూజ్‌వెల్ట్ పిల్లాడిలా విన్నాడట. తర్వాతి ఏళ్లలో గ్రే చూపు క్రమంగా క్షీణించింది. అయినా పిట్టలను వదల్లేదు. 1927లో పక్షుల గురించి ఆయన రాసిన పుస్తకంలో పెద్ద భాగం పాటల గురించే.

మన కాలానికి వస్తే, ఉరుగ్వేలో పుట్టి కొలంబియాలో ఉంటున్న హువాన్ పాబ్లో కులాసోకు పుట్టుకతోనే చూపు లేదు. ఆయన 700కు పైగా జాతులను కూత విని చెప్పేస్తారు. మైకు, రికార్డరు పట్టుకుని అడవుల్లో శబ్దాలు సేకరించటమే ఆయన వృత్తి. అంత స్థాయికి అందరూ వెళ్లనక్కర్లేదు. మీ వీధిలో వినపడే పది పిట్టలు తెలిస్తే చాలు, పొద్దున లేవటానికి ఓ కారణం దొరుకుతుంది.

చెవులు వాటంతటవే పదునెక్కుతాయా?

'కళ్లు పోతే చెవులు చురుకవుతాయి' అని మనవాళ్లు అంటుంటారు. ఇందులో కొంతే నిజం. పుట్టుకతోగానీ, బాగా చిన్నప్పుడుగానీ చూపు పోయినవారి మెదడులో చూపు కోసం కేటాయించిన భాగం శబ్దాలను విశ్లేషించే పనికి మళ్లుతుందని పరిశోధనల్లో తేలింది. స్వరం పైకి వెళ్లిందా, కిందికి దిగిందా అన్న సూక్ష్మమైన తేడాను వారు చూపున్నవారి కంటే బాగా పట్టుకుంటారు. కానీ పెద్దయ్యాక చూపు పోయినవారిలో ఈ మార్పు అంతగా కనపడలేదు. అంటే అరవై ఏళ్లకు చూపు తగ్గిన మీ అమ్మగారికి చెవులు దానంతటవే పదునెక్కుతాయని ఆశపడకూడదు. సాధన చేస్తే మాత్రం వస్తుంది. సంగీతం నేర్చుకున్నవారు రాగాలు గుర్తుపట్టటం లాంటిదే ఇదీ.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన సంగతి. వయసు పైబడుతున్నకొద్దీ చెవి ముందుగా కోల్పోయేది సన్నని, కీచుగా ఉండే శబ్దాలను. తేనెపిట్టలాంటి చిన్న పక్షుల గొంతు ఆ కోవలోదే. 'ఈమధ్య పిచ్చుకలు అరవటం లేదేంటి' అని పెద్దవారు అంటే పిచ్చుకలు తగ్గి ఉండొచ్చు, వారి వినికిడి కూడా తగ్గి ఉండొచ్చు. చూపు తగ్గినవారికి చెవే పెద్ద ఆధారం కాబట్టి ఏడాదికోసారి ఆడియోమెట్రీ పరీక్ష చేయించటం మంచిది. కొన్నిసార్లు గులిమి గట్టిపడి అడ్డుపడటమే కారణం కావొచ్చు. దాన్ని డాక్టర్ చేతే తీయించుకోవాలి, పిన్నీసులతో, ఇయర్ బడ్స్‌తో కెలకొద్దు. వినికిడి యంత్రం వాడుతుంటే, పిట్టల కూతలు వినాలన్న కోరిక ఉందని ఆడియాలజిస్టుకు ప్రత్యేకంగా చెప్పండి. మాటలు స్పష్టంగా వినపడేలా అమర్చిన యంత్రం పిట్టపాటను అనవసరమైన రొదగా భావించి అణిచేయొచ్చు. కూతల కోసం వేరే సెట్టింగ్ పెట్టించుకునే వీలుంటుంది.

కంటి విషయంలోనూ ఒక మాట. మనదేశంలో యాభై దాటినవారిలో అంధత్వానికి అతి పెద్ద కారణం ఇప్పటికీ శుక్లాలేనని 2015-19 జాతీయ సర్వే చెబుతోంది. శుక్లాలను ఆపరేషన్‌తో సరిచేయొచ్చు. కాబట్టి 'వయసు మీద పడింది, అంతే' అని సరిపెట్టుకోకుండా ముందు కంటి డాక్టర్‌కు చూపించాలి. గ్లకోమా, రెటీనా జబ్బుల్లో పోయిన చూపు తిరిగి రాకపోయినా, ఉన్నదాన్ని కాపాడుకోవటానికి చికిత్స ఆపకూడదు. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వంటి చోట్ల చూపు తిరిగి రానివారి కోసం పునరావాస విభాగాలున్నాయి. తెల్లకర్రతో నడవటం, మాట్లాడే ఫోన్ వాడటం వంటివి అక్కడ నేర్పుతారు. ఈ రెండూ వస్తే పిట్టల సరదాకు సగం దారి సుగమమైనట్టే.

మన వీధిలో ఎవరెవరు కూస్తున్నారు?

ఇక అసలు విషయంలోకి వద్దాం. ముందు తెలిసినవారితో మొదలుపెట్టండి. కోకిల కూత తెలియని తెలుగువారుండరు. కానీ 'కుహూ... కుహూ' అని స్వరం పెంచుకుంటూ పోయేది మగ కోకిల అని ఎంతమందికి తెలుసు? ఆడ కోకిల పాడదు, 'కిక్ కిక్ కిక్' అని గబగబా గట్టిగా అరుస్తుంది. ఈ రెండు గొంతులూ విడివిడిగా తెలిస్తే ఉగాది రోజుల్లో మీ పెరట్లో ఒక నాటకమే వినపడుతుంది. మగది ఒకవైపు కూస్తుంటుంది. ఉన్నట్టుండి కాకులన్నీ కలిసి గోల పెడతాయి. ఆ వెంటనే 'కిక్ కిక్' దూసుకుపోతుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టాలని కోకిలలు, వాటిని తరిమికొట్టాలని కాకులు పడే పాట్లవి. కంటితో చూసేవారికి ఆకుల మధ్య ఇందులో సగం కూడా కనపడదు.

ఎండలు ముదిరే రోజుల్లో ఎక్కడో సుత్తితో రేకు మీద కొడుతున్నట్టు 'టుక్... టుక్... టుక్' అని ఆగకుండా వినపడుతుంది చూడండి, అది కంసాలి పిట్ట. పేరు పెట్టినవారు చెవులతోనే పెట్టారు. ఒళ్లు ఆకుపచ్చ, అందుకే చూపున్నవారికి ఆకుల్లో దీన్ని వెతకటం పెద్ద పని. దీనితో ఇంకో తమాషా ఉంది. కూసేటప్పుడు తల అటూ ఇటూ తిప్పుతుంది. దాంతో శబ్దం ఒకసారి దగ్గర, ఒకసారి దూరం, ఒకసారి పక్క చెట్టు మీద ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది ఒకే పిట్ట అని తేల్చుకోవటం చెవికి మంచి కసరత్తు.

పొదల్లోంచి కుండలో నోరు పెట్టి అన్నట్టు 'ఊప్ ఊప్ ఊప్' అని బొంగురుగా వస్తే జెముడుకాకి. ఒక్కోసారి రెండు కలిసి జంటగా కూస్తాయి. అప్పుడు మందంగా, కింది స్థాయిలో వినపడే గొంతు ఆడదానిది. తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే కరెంటు తీగ మీంచి కూతలు మొదలుపెట్టేవాటిలో పసులపోలిగాడు ఒకటి. ఇది పెద్ద మాయలమారి. డేగ గొంతును అనుకరించి తోటి పిట్టలను హడలగొడుతుంది, మొదట్లో మిమ్మల్ని కూడా. ఎత్తయిన చోట నిలిచి తీయగా, రకరకాలుగా ఈలపాట పాడేది నల్లంచి. చెరువు దగ్గర్లో లేకపోయినా పెద్ద గొంతుతో కిలకిలమంటూ పోయేది లకుముకి పిట్ట. గోరింక ఒక్కటే పది రకాల శబ్దాలు చేస్తుంది, కాబట్టి దేనిదో తేలకపోతే ముందు గోరింకనే అనుమానించండి. ఆ తర్వాతి అనుమానం ఉడుత మీద. చెట్టు మీంచి గంటలకొద్దీ 'చిక్ చిక్ చిక్' అనేది చాలాసార్లు పిట్ట అయి ఉండదు, తోక ఎగరేస్తున్న ఉడుతే.

తీతువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రివేళ తీతువు అరిస్తే అపశకునమని మనలో చాలామందికి ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. 'శకునం' అనే మాటకు సంస్కృతంలో అసలు అర్థం పక్షి అనే. పాపం తీతువు గూడు పెట్టుకునేది చెట్టు మీద కాదు, నేల మీద రాళ్ల మధ్య. ఎవరు అటువైపు నడిచినా గుడ్లకు ముప్పని గగ్గోలు పెడుతుంది. మనిషైనా, కుక్కైనా, పామైనా సరే. చూపు లేనివారికి ఇది కావలివాడిలాంటిది. 'ఖాళీ స్థలంలోకి ఎవరో వచ్చారు' అన్న కబురు తీతువు నోటి నుంచి వస్తుంది. ఇంట్లో పెద్దవారు రాత్రి దీని అరుపుకు కలత పడుతుంటే ఈ సంగతి చెప్పండి. మూఢనమ్మకం ఒక్కరోజులో పోకపోవచ్చు, కనీసం నిద్ర పడుతుంది.

అందమైన పిట్టలన్నీ అందంగా కూస్తాయని కూడా అనుకోవద్దు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట రెక్క విప్పితే నీలిరంగు మెరుపు, నోరు విప్పితే 'చాక్ చాక్' మంటూ గీరుడు. దసరా నాడు పాలపిట్టను చూస్తే మంచిదని ఇంటిల్లిపాదీ ఊరి బయటికి వెళతారు, చూపు లేని బామ్మను ఇంట్లో వదిలేసి. ఆమెనూ తీసుకెళ్లండి. పాలపిట్ట కూత వింటే పుణ్యం దక్కదని ఎవరూ చెప్పలేదు. ఆంధ్రప్రదేశ్ వారికైతే ఆ ఇబ్బందే లేదు, వారి రాష్ట్ర పక్షి రామచిలుక 'కీ కీ' మంటూ తనే ఇంటి మీదుగా వెళుతుంది.

మనసుకు నిజంగా మంచిదా?

లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు 1,292 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజుకు కొన్నిసార్లు ప్రశ్నించి 2022లో ఫలితాలు ప్రకటించారు. పక్షులను చూసిన, లేదా విన్న తర్వాత మనసు తేలికపడిందనీ, ఆ ప్రభావం 8 గంటల దాకా నిలిచిందనీ అందులో తేలింది. కుంగుబాటుతో బాధపడుతున్నవారిలోనూ ఇది కనిపించింది. అయితే ఇందులో చూడటం, వినటం కలిసిపోయాయి. మన విషయానికి బాగా దగ్గరగా ఉండేది అదే ఏడాది వెలువడ్డ జర్మన్ అధ్యయనం. అందులో 295 మందిలో కొందరికి 6 నిమిషాలు పిట్టల పాటలు, మరికొందరికి 6 నిమిషాలు ట్రాఫిక్ రొద వినిపించారు. పిట్టల పాటలు విన్నవారిలో ఆందోళన, ఇతరుల పట్ల అకారణమైన అనుమానం తగ్గాయి. కుంగుబాటు స్థాయిలో మాత్రం పాటల వల్ల మార్పేమీ రాలేదు.

కాబట్టి పిట్టపాట మందు కాదు. మీ ఇంట్లోవారు తిండి మానేసి, నిద్ర లేక, జీవితం మీద విరక్తిగా మాట్లాడుతుంటే బాల్కనీలో కూర్చోబెట్టి ఊరుకోవద్దు, మానసిక వైద్యులకు చూపించాలి. పిట్టలు చేసే మేలు వేరే రకం. పొద్దున్నే లేవటం, బయటి గాలికి కూర్చోవటం, నాలుగడుగులు నడవటం, నిన్నటికీ ఈరోజుకూ తేడా ఏంటో గమనించటం, దాన్ని ఎవరికో ఒకరికి చెప్పటం. చూపు పోయాక ఈ ఐదూ ఒక్కొక్కటిగా జారిపోతుంటాయి. ఏ డాక్టర్‌ను అడిగినా ఇవి ఉండాలనే చెబుతారు.

ఎలా మొదలుపెట్టాలి?

సమయం సూర్యోదయానికి అరగంట ముందు. అప్పుడు గాలి కదలిక తక్కువ, వాహనాలు తక్కువ, కూతలు దూరం వరకు స్పష్టంగా వస్తాయి. పిట్టలన్నీ ఒకేసారి మొదలుపెట్టవు. కళ్లు పెద్దవిగా ఉండే జాతులు మసక వెలుతురులోనే ముందుగా పాట అందుకుంటాయని 2002లో ఒక అధ్యయనం తేల్చింది. పిట్ట కంటి సైజును మీరు చెవితో అంచనా కట్టొచ్చన్నమాట!

రోజూ అదే చోట, అదే వేళకు పదిహేను నిమిషాలు చాలు. మొదటి వారం పేర్ల జోలికి పోవద్దు. ఎన్ని రకాల శబ్దాలు వస్తున్నాయో లెక్కపెట్టటమే పని. దిక్కు చెప్పుకోవటానికి గడియారం పద్ధతి వాడండి. మీకు ఎదురుగా ఉన్నది పన్నెండు, కుడిచేతి వైపు మూడు, ఎడమ వైపు తొమ్మిది. 'రెండు గంటల వైపు, మేడ ఎత్తులో' అని ఒకరు అంటే పక్కవారికి వెంటనే తెలుస్తుంది. చెవుల వెనక అరచేతులు దొప్పల్లా పెట్టుకుంటే ముందు నుంచి వచ్చే శబ్దం పెద్దదవుతుంది, ప్రయత్నించి చూడండి.

రెండో వారం నుంచి ఒక్కో కూతకు మీకు తోచిన మాట తొడగండి. పుస్తకాల్లో ఇంగ్లిష్‌లో రాసిన కూతలు మనకు అంతగా అంటవు. ఒక ఇంట్లో పిగిలిపిట్ట 'ఏంటికి? ఏంటికి?' అని అడగొచ్చు, ఇంకో ఇంట్లో 'పోదాం పద' అనొచ్చు. తప్పేం లేదు, మీకు గుర్తుండటమే ముఖ్యం. స్వరం పైకి వెళుతోందా, దిగుతోందా? ఒకే ముక్క తిప్పి తిప్పి అంటోందా? నేల దగ్గర నుంచా, చెట్టు చివర నుంచా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే పేరు చెప్పటం ఎవరికైనా తేలికే.

బాల్కనీలో కూర్చుంటారు కదా అని పావురాలకు గింజలు చల్లొద్దు. పావురాల రెట్టల దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే కొందరికి ఊపిరితిత్తుల్లో తీవ్రమైన వాపు వస్తుంది. దాని కువకువ దూరం నుంచి విన్నా వినపడుతుంది.

ఫోన్ సాయం ఎంతవరకు?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ యాప్ ఉచితం. 2021 నుంచి ఇందులో కూత విని పేరు చెప్పే సదుపాయం ఉంది, మన దేశంలో సాధారణంగా కనిపించే పక్షులకూ పనిచేస్తుంది. మన ప్రాంతం ప్యాక్ ముందే దించుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ వాడేవారు తెర మీది పేర్లను వినొచ్చు. చిక్కేంటంటే ఫోన్ మాట్లాడుతుంటే ఆ గొంతు పిట్టగొంతును కప్పేస్తుంది. అందుకే ముందు నిశ్శబ్దంగా రికార్డు చేసి, పేర్లు తర్వాత వినటం మేలు. ఇయర్‌ఫోన్ వాడితే ఒక చెవికే, అదీ కూర్చున్నప్పుడే. నడిచేటప్పుడు రెండు చెవులూ ఖాళీగా ఉండాలి.

యాప్ చెప్పిందల్లా వేదం అనుకోవద్దు. రొద ఉన్నచోట పొరబడుతుంది. దాన్ని తెలిసిన పొరుగువాడి సలహాలా తీసుకోండి. పిట్టను రప్పించటానికి దాని కూతనే ఫోన్‌లో పదేపదే వినిపించటం కూడా మంచిది కాదు. ప్రత్యర్థి వచ్చిందనుకుని అది పాపం గూడు వదిలి కంగారుపడుతుంది.

గడప దాటేటప్పుడు

నెల తిరిగేసరికి పార్కుకు వెళ్లాలనిపిస్తుంది. మంచిదే. తీసుకెళ్లేవారు చేయి పట్టుకుని లాగకూడదు. చూపు లేనివారు మీ మోచేతికి కాస్త పైన పట్టుకుని, అర అడుగు వెనకగా నడుస్తారు. మెట్టు వస్తే 'మెట్టు, పైకి' అని ముందే చెప్పండి. ముఖ్యంగా, వినేటప్పుడు మీరు మాట్లాడకండి! 'అదిగో నెమలి, అదిగో' అని చూపున్నవారు ఉత్సాహపడితే ఎదుటివారికి వినపడాల్సిన కూత కాస్తా పోతుంది. హైదరాబాద్ కేబీఆర్ పార్కులో వానలు మొదలయ్యే రోజుల్లో నెమళ్ల కేకలు బాగా వినపడతాయి. ఆదివారం పొద్దున్నే అయితే చుట్టూ ట్రాఫిక్ కూడా తక్కువ. నెల్లూరు వైపు వారికి చలికాలంలో నేలపట్టు ఉంది. వందల గూళ్లలో పిల్లల కేకలు, కొంగల ముక్కుల టపటపలు కలిసి చెవికి జాతరలా ఉంటుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో వినోదం కూడా ఒక హక్కే. మీ కాలనీ పార్కు దారిలో గుంతలుంటే, అడ్డంగా బండ్లు పెడుతుంటే ఆ చట్టం పేరు చెప్పి అడగటానికి మొహమాటపడొద్దు.

పిల్లలకైతే చేతికీ కొంత పని కల్పించాలి. పుట్టుకతో చూపు లేని పిల్లలకు పిట్ట ఎంతుంటుందో ఎలా తెలుస్తుంది? నాలుగు పది రూపాయల నాణేలు అరచేతిలో పెట్టండి, సుమారుగా ఊరపిచ్చుక బరువు అంతే. ఒక్క నాణెం మాత్రమే ఉంచితే అది దర్జీ పిట్ట. ఇంత చిన్న ఒంట్లోంచి వీధి దద్దరిల్లేంత గొంతు ఎలా వస్తుందో అని వాళ్లే ఆశ్చర్యపోతారు. కొండపల్లి కొయ్య చిలుకను తడిమిస్తే ముక్కు వంపు, తోక పొడవు తెలుస్తాయి. ఆ తర్వాత కిటికీ బయట 'కీ కీ' మన్నప్పుడు ఆ చెక్కబొమ్మకు ప్రాణం వచ్చినట్టు ఉంటుంది.

విన్నవాటిని రాసి పెట్టటం మానొద్దు. చూపు లేనివారు చెబుతుంటే ఇంట్లో ఒకరు రాయొచ్చు, లేదా ఫోన్‌లో గొంతు రికార్డు చేయొచ్చు. ప్రపంచవ్యాప్తంగా పక్షుల వివరాలు సేకరించే ఈబర్డ్‌లో కంటపడని, కేవలం విన్న పక్షిని కూడా నమోదు చేయొచ్చు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు సాగే పెరటి పక్షుల లెక్కింపులో ఎవరైనా పాల్గొనొచ్చు, ఒక్కో లెక్కకు 15 నిమిషాలు చాలు. అందులో మీ తాతగారి జాబితాకు, దుర్భిణీ పట్టుకుని చెరువుగట్టున నిలబడ్డ వారి జాబితాకు తేడా ఉండదు.

మొదటి పేజీ ఇలా ఉంటే సరిపోతుంది: మార్చి రెండో వారం, మంగళవారం. ఉదయం 5.45 నుంచి 6.00. మేడ మీద. పసులపోలిగాడు 1, పన్నెండు గంటల వైపు, తీగ మీద. కోకిల మగది 2, ఒకటి బాగా దూరం. జెముడుకాకి జంట, ఖాళీ స్థలం పొదలో. చిలుకలు గుంపుగా, లెక్క తప్పింది. ఇంకోటి కూడా ఉంది, సన్నగా మూడుసార్లు కూసి ఆగింది, పేరు తెలియలేదు. రేపు మళ్లీ వినాలి.